కాలువ మీద మన మంచం చెక్క

ఏవండీ, వార్డు ఆఫీసు వాళ్లు ఒట్టి దొంగలు! మన వీధి కాలువకి మూత లేదని మూడుసార్లు రాస్తే, ఇవాళ "కామ్ హో గయా" అని, అంటే పనైపోయిందని, ఫోటో పంపారు. ఆ ఫోటోలో ఉన్నది మన మంచం చెక్క! మీరే కప్పారట. రైల్వే ట్రాక్ డ్యూటీ బుద్ధి ఇంటికొచ్చినా పోదేటండీ?

పక్కింటి మీనాక్షి పిన్ని అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది కదా, కప్పడం మంచిదే. నాకు చెప్పొద్దా? పిన్నిని ఆటో ఎక్కించి ఆఫీసుకే తీసుకెళ్తున్నాను. ఆ కట్టు కూడా ఫోటో తీసుకోమంటాను.

చేపల పులుసు గిన్నెలో ఉంది. తినేసి పడుకోకండి. చెక్క తీసి, మీ ఎర్ర జెండా పట్టుకుని కాలువ దగ్గరే నిలబడండి. ఎవర్నీ అటు రానివ్వకండి.

సౌభాగ్య

ఆఫీసువాళ్లొచ్చి ఫోటో అంటే ఒప్పుకోకండి. మిమ్మల్నే మూత అని రాసేసి పోతారు. ముందు సిమెంటు మూత వెయ్యమనండి!