ఏడాది దాకా పిల్లి వద్దు

జనవరి 5
మా పిల్లి బెడాక్ పోయి వారమైంది. తెల్లగా ఒళ్ళంతా పౌడర్ పూసుకున్నట్టు ఉండేది కాబట్టి ఆ పేరు; మా మలయ్ భాషలో బెడాక్ అంటే పౌడరే. వాంతులు, నెత్తురు విరేచనాలు. చివరికి నీళ్ళ గిన్నె మీద గడ్డం ఆనించి, తాగకుండా అలాగే కూర్చుండిపోయింది.

పిల్లుల డాక్టరమ్మ తియోంగ్ ఫోన్ చేసింది.

"సపువాన్ అంకుల్, ఈ కడుపు జబ్బు మనుషులకి రాదు. కానీ ఆ వైరస్ మీ ఇంటి నేల మీద ఏడాది దాకా బతికే ఉండొచ్చు. చెప్పులకీ బట్టలకీ అంటుకుని బయటికి కూడా వస్తుంది. టీకా వెయ్యని పిల్లి ఏదీ మీ గడప తొక్కకూడదు. సరేనా?"

నేనూ మా ఆవిడ మజ్నా ఒట్టు పెట్టుకున్నాం. ఏడాది దాకా పిల్లి వద్దు. పెంచేది లేదు, ముట్టుకునేది లేదు.

లాభాలు: కుర్చీల మీద వెంట్రుకలుండవు. వండిన చేప మొత్తం మనదే. తెల్లారకుండానే ముఖం మీద ఎవరూ కూర్చోరు.

ఏడాదెంతలో గడిచిపోతుంది.

జనవరి 9
నేలంతా బ్లీచింగ్ నీళ్ళతో కడిగాం. చాపలు తగలబెట్టాం.

"ఏవండీ, ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో చూశారా?" అంది మజ్నా.

"ఉంది."

తర్వాత తుడిచిన నేలనే ఇద్దరం మళ్ళీ తుడిచాం.

పిల్లిని చూడాలనిపిస్తే చూడవచ్చు. పిల్లుల ఊరని పేరుపడ్డ మా కూచింగ్‌లో సిమెంటు పిల్లి బొమ్మలకేం లోటు. నది దాటి పడవ దిగి నా కుట్టు దుకాణానికి నడిచే దారిలోనే ఒకటుంది. మీసాలు కూడా ఉన్నాయి. వాంతులు చేసుకోదు. చాలా మంచి పిల్లి.

జనవరి 14
దుకాణం వెనక మెట్ల కింద పిల్లిపిల్ల. పసుపు రంగు. తోక చివర కొక్కెంలా వంగి ఉంది.

చూశాను. అంతే. చూడడం గురించి ఒట్టులో ఏమీ లేదు.

జనవరి 15
కుండపోత. మెట్ల కింద అట్టపెట్టె పెట్టాను. అట్టపెట్టె గురించి కూడా ఏమీ లేదు.

జనవరి 17
కొంచెం చేప. గజం బద్దతో ముందుకు తోశాను. నా చేయి దానికి తగలలేదు. ఒట్టు భద్రంగా ఉంది.

గజం బద్ద చివర నాకుతూ నావైపు చూసింది. ఆ తర్వాత కుట్టిన మూడు చొక్కాలకీ కాలర్లు వంకరగా వచ్చాయి. పండగ బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. మనసు పని మీద పెట్టాలి.

జనవరి 20
ముట్టుకున్నాను.

కానీ జాగ్రత్తగా. ఇంటి చెప్పులు దుకాణం బయటే. లోపలికి వేరే చెప్పులు, వేరే లుంగీ. చేతులు బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, కడుక్కుని, ఆ తర్వాతే. వైరస్ నన్ను దాటి ఎలా వెళుతుందో చూస్తాను.

పేరు మాత్రం పెట్టలేదు. 'ఒసేయ్' అంటే వస్తోంది.

జనవరి 22
మజ్నా నా నీలం లుంగీ ఎత్తి పట్టుకుంది. దాని నిండా తెల్ల మచ్చలు.

"ఏమైంది దీనికి?"

"దుకాణంలో మరుగుదొడ్డి కడిగాను."

"మీరా? పెళ్ళైనప్పటి నుంచి ఒక్క గ్లాసు కడగని మనిషి మరుగుదొడ్డి కడిగాడా?"

"మనిషన్నాక మారకూడదా?"

ఇంకేమీ అడగలేదు. ఇల్లంతా బ్లీచింగ్ వాసన. నా చేతుల నుంచే ఇంత వాసన వస్తుందనుకోలేదు.

మధ్యాహ్నాలు తను పూసలు కుట్టడానికి దుకాణానికి వస్తుంది. నేను నమాజుకి వెళ్ళి, టీ తాగి వచ్చేలోపు తనకి పిల్ల ఎదురుపడకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఇప్పటిదాకా ఎదురుపడలేదు.

జనవరి 24
నమాజు నుంచి వచ్చి చూస్తే పిల్ల కక్కింది. మళ్ళీ కక్కింది. వెళ్ళి నీళ్ళ గిన్నె ముందు కూర్చుంది. తాగలేదు.

బెడాక్ కూడా ఇలాగే కూర్చుంది. నేనే తెచ్చాను. నా ఒంటి మీదే తెచ్చాను.

చేతికందిన గుడ్డలో చుట్టుకుని పరిగెత్తాను. అది హజ్జా సలామా గారు కుట్టడానికిచ్చిన పండగ పట్టు అని ఆస్పత్రిలో తెలిసింది.

డాక్టరమ్మ పుల్లతో నమూనా తీసి పరీక్ష పెట్టింది. రెండు గీతలొస్తే ఆ జబ్బే. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఒక్కటే గీత అంకుల్. ఆ వైరస్ కాదు." పిల్ల పొట్ట నొక్కి చూసింది. "ఏం పెట్టారు దీనికి?"

"పొద్దున కాస్త చేప."

"కాస్త చేపకి పొట్ట ఇలా డోలులా అవదు. తిండెక్కువై కక్కింది." తోక వంక చూసి ఆగింది. "నిన్న ఆంటీ చెప్పింది ఈ పిల్ల గురించేనా?"

"ఏ ఆంటీ?"

"మీ ఆవిడే. టీకా ఎప్పుడు వేయించాలో కనుక్కోవడానికొచ్చారు. మీకు చెప్పొద్దన్నారు." నాలుక కరుచుకుంది. "చెప్పేశాను కదా."

పిల్లకి మొదటి టీకా వేయించి దుకాణానికి వచ్చాను. మజ్నా మెట్ల కింద వంగి ఉంది, చేతిలో కోడి కార్జం పళ్ళెం. "కున్యిత్, కున్యిత్" అని పిలుస్తోంది. కున్యిత్ అంటే పసుపు; రంగుకి తగ్గట్టు పేరు కూడా పెట్టేసింది. తన చున్నీ అంచు నిండా తెల్ల మచ్చలు.

నా చేతుల్లో పిల్లని చూసి అక్కడే కూలబడింది.

"కక్కిందంతా చూశాను. పిల్ల లేదు. పోయిందనుకున్నాను. నేనే అంటించాననుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

"ఎందుకు దాచారు?"

"నువ్వెందుకు దాచావు?"

"బెడాక్ పోయినరోజు మీ ముఖం చూశాను. మళ్ళీ అలా చూడలేననిపించింది."

మెట్ల మీదే కూర్చుని బెడాక్ గురించి మాట్లాడుకున్నాం. అది పోయాక ఇదే మొదటిసారి. మజ్నా ఏడ్చింది. నేను పిల్లని పట్టుకుని ఉన్నాను కాబట్టి కళ్ళు తుడుచుకోవడం కుదరలేదు.

జనవరి 25
డాక్టరమ్మ మాట: టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్ల మా ఇంట్లోకి వెళ్ళకూడదు. మేం కూడా ఇంటికీ దీనికీ మధ్య తిరగకపోతే మంచిది. అందాకా ఎవరికైనా ఇవ్వమంది.

ఎవరికి ఇవ్వాలో ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. ఎవరి పేరు చెప్పినా ఇంకొకరికి నచ్చలేదు.

కాబట్టి కొత్త ఒట్టు. టీకాలన్నీ అయ్యేదాకా ఏ పిల్లీ మా గడప తొక్కదు. ఈసారి తప్పే ప్రసక్తే లేదు.

ఇంటికి తాళం వేశాం. బట్టలూ చెప్పులూ అక్కడే వదిలేశాం. దర్జీకి బట్టలకేం కొదవ. దుకాణంలో రెండు కుట్టుమిషన్ల మధ్య కొత్త పరుపు వేశాం. కున్యిత్ అడ్డంగా పడుకుంది. మాకు చెరో అంచు మిగిలింది.

మొదటి రోజు. పిల్లి మా గడప తొక్కలేదు. మేమూ తొక్కలేదు.