రెండు అట్టపెట్టెల పరిశోధన

అక్కయ్యకు తమ్ముడు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా రెండు మోకాళ్లూ. ఎడమది కాస్త పెడసరం, మెట్లు కనిపిస్తే మొరాయిస్తుంది. నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. బావగారి దగ్గు సంగతి రాయలేదు కాబట్టి తగ్గిందనే అనుకుంటున్నాను. తగ్గకపోతే నువ్వు దాని మీదే రెండు పేజీలు రాసేదానివి.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలడిగావు. మొదటిది, రిటైరైనవాణ్ణి ఇంకా పనికెందుకు పోతున్నానని. యూనివర్సిటీలో మా ప్రొఫెసరుగారు ఏటా పైవాళ్లకు ఒక సిఫార్సు ఉత్తరం రాస్తారు. దాని మీద ఆయన సంతకం పడితే నాకు అటెండరు పని ఇంకో ఏడాది. ఇంట్లో కూర్చుంటే గోడలతో మాట్లాడాలి. గోడలు వింటాయంటారు గానీ ఊకొట్టవు కదా, నాకంతకంటే శిక్ష లేదు.

రెండోది, అక్కడ వీళ్లు చేసే పనేమిటని. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటారో పరిశోధించడమని ఇదివరకే రాశాను. "దానికి ఐదేళ్ల చదువెందుకు, నలుగురు తోడికోడళ్ల మధ్య నెగ్గుకొచ్చినదాన్ని, నన్నడిగితే పూటలో చెప్తాను" అని రాశావు. ఆ ముక్క ప్రొఫెసరుగారికి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు, నోటుబుక్కులో రాసుకున్నారు.

నాకు ఇవన్నీ ఎలా తెలుసంటావేమో. ముప్ఫై ఏళ్లుగా అక్కడి బీరువాల్లో థీసిసులకు దుమ్ము దులుపుతున్నాను. దులిపినదాన్ని తెరిచి చూడకుండా ఉండటం నా వల్ల అయ్యే పనేనా? ఒకాయన నాలుగేళ్లు కుర్చీల మీద రాశాడు, మీటింగులో ఎక్కడ కూర్చున్నవాడి మాట చెల్లుతుందీ అని. అది చదివి మావాళ్లు పొడుగుబల్ల తీసేసి గుండ్రటిబల్ల వేశారు, అందరూ సమానమని. ఆ రోజునుంచీ ప్రొఫెసరుగారు ఎటు కూర్చుంటే అటే బల్లకు తల. సరే, దారి తప్పాను, వస్తున్నా.

మూడో ప్రశ్న, ఈమధ్య నా ఉత్తరాలు పొట్టిగా ఉంటున్నాయి, ఏం దాస్తున్నావని. అసలు ఈ ఉత్తరం అందుకే.

ఈసారి మావాళ్ల పరిశోధన మౌనం మీద. పైవాడి తప్పు కళ్లారా చూసి కూడా కిందివాడు ఎందుకు చెప్పడు అన్నది ప్రశ్న. ప్రొఫెసరుగారి కింద ఇద్దరు పీహెచ్‌డీ పిల్లలు. ఒకతె లెక్కలమ్మాయి, అంకెల పనంతా ఆమెదే. ఐదో ఏడు, థీసిస్ పూర్తి కావచ్చింది. బయటి పండితుల ముందు నిలబడి ఒప్పించడమే తరువాయి. రెండోవాడు సరేనండి. ఎవరేమన్నా వాడి నోట వచ్చే మాట అదొక్కటే కాబట్టి పేరూ అదే అయింది.

బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో వందమంది కుట్టేవాళ్లకూ వందమంది సూపర్‌వైజర్లకూ ఒకే ప్రశ్నల కాగితం ఇచ్చారు. పేరు రాయకూడదు, హోదా రాయకూడదు, అప్పుడే నిజం చెప్తారని ప్రొఫెసరుగారి పట్టు. అందుకని ఎవరి కాగితాలేవో తెలియాలంటే రెండు అట్టపెట్టెల మీద అంటించిన చీటీలే ఆధారం.

లెక్కలు తీస్తే విడ్డూరం. కుట్టేవాళ్లు నిర్భయంగా నిజం మాట్లాడేస్తున్నారట, సూపర్‌వైజర్లే తప్పు చూసి కూడా నోరు మెదపడానికి వణుకుతున్నారట. ఇది ప్రపంచంలో ఎవరూ కనిపెట్టని సంగతన్నారు ప్రొఫెసరుగారు. లెక్కలమ్మాయి మూడు అధ్యాయాలు తిరగరాసింది.

అక్కయ్యా, చీటీలు తారుమారు చేసింది నేనే. గదిలో గొట్టం కారి పెట్టెలు చెమ్మగిల్లాయి, చీటీలు ఊడి కింద పడ్డాయి. బోలెడంత ధీమాతో జిగురు రాసి మళ్లీ అంటించాను. తర్వాతెప్పుడో సూపర్‌వైజర్ల పెట్టె సర్దుతుంటే కాగితాల మధ్య దారప్పోగులు, అంచుల మీద మిషను నూనె అంటిన బొటనవేలి ముద్రలు. సూపర్‌వైజరు చేతికి నూనె ఎందుకంటుతుంది? నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చెప్పలేదు. నా సిఫార్సు ఉత్తరం అప్పటికి ఆయన బల్ల మీద సంతకం లేకుండా ఉంది. రోజూ చెప్పేద్దామనే లోపలికి వెళ్లేవాణ్ణి, టీ పెట్టి వచ్చేసేవాణ్ణి. "తప్పు కనిపిస్తే చెప్పండి, నాదైనా సరే" అని ఆయన ఉపన్యాసం. "సరేనండి" అని వాడు. మౌనం మీద పరిశోధన జరిగే గదిలో దుమ్ము దులుపుతూ నేను నోరు కుట్టేసుకున్నాను.

పోయిన నెల్లో ఒక మంగళవారం లెక్కలమ్మాయి వచ్చి, శుక్రవారం పండితుల సభకు వాళ్లమ్మ వస్తోందని చెప్పింది. ఆమె పెద్దగా చదువుకోలేదట, ముందు వరసలో పక్కన కూర్చుని ఎక్కడ చప్పట్లు కొట్టాలో నేను చెప్పాలట. ఆ తల్లి చేత తప్పుడు లెక్కకు చప్పట్లు కొట్టించాలా? ఆ పూటే, ముగ్గురూ కూర్చుని ఉండగా, తిన్నగా గుండ్రటిబల్ల దగ్గరికి వెళ్లాను.

"పెట్టెల మీద చీటీలు మారాయండీ. మార్చింది నేనే."

ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీశారు. "మీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

"పందొమ్మిది రోజులు."

లెక్కలమ్మాయి తల దించుకుంది. "నాకు పన్నెండు, సార్. దారాలు చూశాను. మీరంత సంబరంగా ఉన్నారని..."

సరేనండి గొంతు సవరించుకున్నాడు. "కాగితాలు వసూలు చేసింది నేనే కదా సార్. చీటీలు మారిన మొదటి రోజే పోల్చుకున్నాను." వాడి నోట అంత పొడుగు వాక్యం నేనెప్పుడూ వినలేదు.

ఇక గది కప్పు ఎగిరిపోతుందనుకున్నాను. ఆయన అద్దాలు తుడుస్తూ కూర్చున్నారు, తుడిచిందే తుడుస్తూ. చివరికి, "ఆ అంకెలు చూసిననాడే నాకూ నమ్మకం కుదరలేదు. మీ ఉత్సాహం చూసి నోరు రాలేదు" అన్నారు.

అంటే చూశావా, పైవాడు కూడా నోరు మెదపడన్న సిద్ధాంతం ఫ్యాక్టరీలో అబద్ధమైనా మా గదిలో అక్షరాలా నిజం. పండితుల సభ రెండు నెలలు వెనక్కి జరిపారు. లెక్కలమ్మాయి వాళ్లమ్మ టిక్కెట్టు మార్చుకుంది. అమ్మాయి లెక్కలన్నీ మళ్లీ తిరగేసింది. కిందివాళ్లే భయపడుతున్నారని తేలింది. నువ్వు పూటలో చెప్తానన్నది అదే. కాకపోతే ఆ అమ్మాయి మా నలుగురి మీద కొత్తగా ఒక అధ్యాయం రాస్తోంది, థీసిస్‌లో బాగున్నది అదేనట.

నా సంతకం మాటేమిటంటావు. మర్నాడు ప్రొఫెసరుగారు పిలిచి, పెన్ను మూత తీసి, ఆగారు. "ఈ ముప్ఫై ఏళ్లలో మీరు చూసి, నాకు చెప్పని తప్పులు ఇంకేమైనా ఉన్నాయా? అవన్నీ చెప్పండి, సంతకం పెడతాను" అన్నారు. నేను కుర్చీ లాక్కున్నాను. రోజూ మధ్యాహ్నం కూర్చుంటున్నాం. నేను చెప్తుంటాను, ఆయన రాసుకుంటుంటారు, ఒక్కోసారి చెమట తుడుచుకుంటారు. ఇప్పటికి నాలుగో ఏడు దగ్గరున్నాం. ఆయనకు తొందర లేదు, నాకసలే లేదు. సంతకం పడేదాకా రోజూ రమ్మన్నారు.

ఇట్లు,
చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలిన
నీ తమ్ముడు