కలిపేసిన బిళ్ళలు

ప్రియమైన పిన్నీ,

ఈసారి నసగకుండా నా మాట విను. మా ఆస్పత్రిలో హెచ్ఐవి ఉన్న ఆడవాళ్ళకి విటమిన్లూ ఖనిజాలూ కలిపిన బిళ్ళలు ఇచ్చి, మేలుందో లేదో ఏడాదిపాటు చూస్తారట. నువ్వు రోజూ వేసుకునే అసలు మందులు మానకూడదు; ఇవి వాటికి తోడు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి నీ కాళ్ళెలా ఉన్నాయో మొన్న చూశాను. పెదవుల మూలలు పగిలి నవ్వడానికే జంకుతున్నావు. ల్యాబ్‌లో కూర్చుని ఊరందరి రక్తం చూస్తాను, సొంత పిన్నికేం చేశాను? వచ్చెయ్. మిగతాది నాకొదిలెయ్.

నీ తుంటరి,
చిట్టి

బంగారుతల్లీ,

చేరాను. నర్సమ్మ ఏదో కాగితం గడగడా చదివింది, "సగం మందికి" అంటూ. మా చిట్టి రమ్మన్నాక ఇంకేం వినాలని సంతకం గీకేశాను. నెల తిరక్కుండానే పెదవులు మానాయే! ఆకలి సంగతి చెప్పొద్దు, గిన్నెలు మాత్రం మిగులుతున్నాయి. వరుసలో ఒకావిడ పరిచయమైంది, గుండీలు కుట్టే మిషన్ మీద పని. "నాకేం ఒరగలేదమ్మా, నీకు పైవాళ్ళెవరో తెలిసినట్టున్నారు" అని ఎత్తిపొడిచింది. అందరం నవ్వాం. తర్వాత అనుమానమొచ్చింది. ఆ సగం మంది సంగతేంటే?

ఆశీస్సులతో,
మీ పిన్ని

పిన్నీ,

కోప్పడకుండా చదువు. సగం మందికి నిజమైనవి, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళలు. రెండు గుంపుల్నీ పోల్చితే గానీ మేలు బిళ్ళదో కాదో తేలదు. నీకేవి వచ్చాయో నాకూ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. ముందే చెబితే రావని చెప్పలేదు. నర్సు ఎలాగూ చెబుతుందిలే అనుకున్నాను. ఇది తేలితే ఎందరికో మేలు, పిన్నీ.

నీ చిట్టి

అమ్మాయీ,

మీ బాబాయి పోయాక అలమరలో ఆయన విటమిన్ సీసా దొరికింది. "బలానికే" అని నా ఎదుటే మింగేవాడు. అందులో ఉన్నవి హెచ్ఐవి మందులని నా రక్తపరీక్ష వచ్చాక తెలిసింది. ఆయనకి తెలిసిన రోజే నాకు చెప్పి ఉంటే నేనూ అప్పుడే మొదలుపెట్టేదాన్ని.

ఆయన మందుని విటమిన్ అన్నాడు. నువ్వు ఉత్తదాన్ని విటమిన్ అన్నావు. ఇద్దరూ నా మంచికే.

బిళ్ళల వరుసలోవాళ్ళకి ఆ సగం సంగతి చెప్పాను. మొన్న ఆస్పత్రి వెనక బల్ల మీద మేమందరం డబ్బాలు ఒలకబోసి, కలిపేసి, దోసిళ్ళతో పంచుకున్నాం. ఇక ఎవరికీ అన్నీ ఉత్తవే రావు. నువ్వు మా అక్క కూతురివని వాళ్ళకి తెలియదు. డాక్టరమ్మకి చెప్పకు. ఈ ఒక్కసారైనా నా పక్కన నిలబడు.

పిన్ని

పిన్నీ,

చెప్పేశాను. ఎవరు ఏవి మింగారో తెలియని రక్తం మీద "ఇవి పనిచేయవు" అనో "చేస్తాయి" అనో తేల్చేస్తే, మీలాంటివాళ్ళందరూ దాన్నే నమ్ముతారు. చేతులు కట్టుకుని చూడలేకపోయాను. మీ అందర్నీ పరిశోధనలోంచి తీసేశారు. అసలు మందులు మామూలుగానే ఇస్తారు.

తిట్టు పిన్నీ. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

చిట్టి

అమ్మాయీ,

గుండీలావిడ అందరి ముందూ రంకెలేసింది. "మన కొంప ముంచిందెవరే? ఈ ఆస్పత్రివాళ్ళే మన వెనక గూఢచారుల్ని పెట్టారు. ఇక ఈ గడప తొక్కను, వీళ్ళ మందులూ వద్దు, ఏమీ వద్దు!" మిగతావాళ్ళూ లేచి నిలబడ్డారు. అసలు మందులు మానేస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

చెప్పింది నేనేనన్నాను. "భయపడి నోరు జారాను. నన్ను తిట్టండి, మందులు మాత్రం మానకండి."

తిట్టారు. మందులు తీసుకున్నారు. వెళ్ళేటప్పుడు నా పక్కన ఎవరూ నడవలేదు.

నీకోసం చేశాననుకోకు.

వచ్చే నెల మామూలు పరీక్షకి రక్తం ఇవ్వడానికి అందరం వస్తాం. నువ్వక్కడే ఉంటావు. నన్ను పిన్నీ అని మాత్రం పిలవకు.

ఉంటాను.