ఖాళీ మేకు

బెల్లంపల్లి, 1996, మంగళవారం

హైదరాబాద్ డాక్టరు ఉత్తరం ఇవాళ కూడా రాలేదు. నలభై ఏళ్ల నాకున్నది ఆటిజమో కాదో అందులో ఉంటుంది. ఆ తర్వాత నన్నేం చేస్తారో మాత్రం ఉండదు.

పొద్దున షిఫ్టుకు పోతే మేకుకు నా నంబరు బిళ్ల లేదు. గని దీపాలిచ్చే ల్యాంప్ రూం మల్లన్న జేబులో వేసుకున్నాడు.

"మీ ఇంటామె అంతా చెప్పింది తమ్మీ. గా కాయితం వచ్చేదాక గనిల దిగకు. ఫికర్ చెయ్యకు, జర ఇంటికాడ ఉండు."

సైరన్‌కు చెవులు మూసుకుంటాను, నిజమే. కానీ ఇరవై ఏళ్లలో నేను గని కప్పు కింద ఆసరాగా నిలబెట్టిన దుంగ ఒక్కటీ జారలేదు. తిరిగి ఇంటికొచ్చాను.

దిగేటప్పుడు బిళ్ల తీసుకుంటాం, పైకొచ్చాక తగిలిస్తాం. షిఫ్టు అయినా మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, వెతకడానికి దిగుతారు.

సాయంత్రం మళ్లీ పోయి చూశాను. మా షిఫ్టు వాళ్లందరి బిళ్లలూ ఉన్నాయి, నాది తప్ప.

ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. అయినా నన్ను వెతకడానికి ఎవరూ గనిలోకి ఎందుకు దిగలేదని అనిపిస్తోంది.