కాకి ముట్టేదాకా

శీనా,

నిన్న నీ సంవత్సరీకం. నీకిష్టమని అమ్మ వడలు చేసింది. మిద్దె మీద కాకికి ఆకు వేసి వచ్చింది నేనే. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు కదా. ఐరాల నుంచి మామ ఖాళీ కడుపుతో వచ్చి కూర్చున్నాడు.

కాకి ఇంకా రాలేదని చెప్పి, నీ ఫోటో పక్కనున్న టీవీలో నీ జపాను బొమ్మల సీరియల్ పెట్టాను. మనుషులు తగ్గిపోయి, ఆఫీసుల్లో మేకలు కూర్చుంటాయే, అది. మిగిలిన మనుషులు, మందుల కోసం ఒక ముసిలామె కూడా, వరసలో నిలబడి అర్జీలిస్తే, మేకలు నమిలి మింగి "పరిశీలించాం" అంటాయి.

మామ మొదట మొహం తిప్పుకున్నాడు. రెండో భాగానికి నవ్వాడు. తర్వాత "ఆ మేక ఏమంటా ఉండాది పాపా?" అని అడిగాడు. నువ్వు నాకు చెప్పినట్టే, కింద వచ్చే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. మధ్యాహ్నం మూడు దాటినా ఆకలి మాటెత్తలేదు.

నిన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసిన ఆ వారం, ఆఖరి భాగం మొదలవగానే టీవీ కట్టేసింది ఈ మామే. "సచ్చే ముందు ఈ బొమ్మలేందిరా, దేవుణ్ణి తలుసుకో" అన్నాడు. నువ్వు మళ్లీ అడగలేదు.

నిన్న సరిగ్గా అక్కడే నేనూ కట్టేశాను.

"ఉండు పాపా, ఆ ముసిలామె బతుకుతాదా లేదా?"

"కాకి ముట్టింది. లెయ్ మామా, తిందువు."

"అదొక్కటీ సూసి తింటా."

"శీనా సూడకుండా పోయినదాన్ని నువ్వు సూస్తావా మామా?"

ఆయన వడ విరిచి, తినకుండా చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

పొద్దున ఆకు వేసి నేను మెట్లు దిగకముందే కాకి వచ్చింది శీనా. ముందు వడే ఎత్తుకుంది.