మాధవరం ఇల్లు ధన్యకు ఎందుకు రాశానంటే

చెన్నై మాధవరంలో పాల కాలనీ దగ్గర కాపురముంటున్న నేను, కీర్తిశేషులు నాగలింగం గారి రెండో కొడుకు ధర్మలింగాన్ని, అరవై నాలుగేళ్ళ వయసులో, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. గుండెకు రెండోసారి స్టెంటు పడింది గాని బుద్ధికి ఏ జబ్బూ లేదు. డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, కనీసం ఒక కాఫీ అయినా ఇప్పించలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు రంగసామి గారిది. కోపంతో రాసినట్టు కనిపిస్తే అది నిజమే. కోపం వేరు, మతి చెడడం వేరు అని రంగసామి గారే చెప్పారు.

1. జార్జి టౌన్‌లోని మా నాన్నగారి పసుపు మండీలో నా వంతు వాటా సర్వహక్కులతో మా అన్న కొడుకు అనంత్‌కు చెందాలి. అనంత్ మర్యాదస్తుడు. వాళ్ళ నాన్న మాత్రం నేను పరిశోధనలో చేరిన రోజున మండీలో అందరి ముందూ, "యాడో స్పెయిన్‌లో దొంగనాయాళ్ళ కథలు చదివేదానికి ఇన్నేండ్లా? ఈడ మన వీధిలో లేరా దొంగలు?" అన్నాడు. గుమాస్తాలు కూడా నవ్వారు. అన్న పోయాడు, నా కోపం పోలేదు. అయినా ఆ కోపం కొడుకు మీద చూపను.

2. ఆ దొంగల కథలేమిటో నా వారసులకు తెలియాలి. ఈ పంపకమంతా వాటి మీదే నడుస్తుంది. దాదాపు అయిదు వందల ఏళ్ళ కిందట స్పెయిన్‌కు ఓడల్లో వెండి వచ్చి పడేది. వీధుల్లో మాత్రం తిండిలేని జనం. కథల్లో అంతా గుర్రమెక్కిన వీరులే. అలాంటి కాలంలో ఎవరో, తన పేరు వేసుకోకుండా, ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. అందులో ఒక పేదవాడు యజమాని తర్వాత యజమానిని మారుస్తూ, ఆకలికి తిండి దొంగిలిస్తూ, తన కథ తానే చెప్పుకుంటాడు. మతాధికారులు నిషేధించారు. జనం చదవడం మానలేదు. అరబ్బీ కథల్లో దాని వేళ్ళున్నాయని కొందరంటారు గాని తేలలేదు. అలాంటివాణ్ణి పికరో అన్నారు. మొదట్లో ఆ మాటను వంటింట్లో చిల్లర పనులు చేసేవాళ్ళకు వాడేవారట. ఆ దారినే ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు నవలలూ నడిచాయి. ఇంగ్లీషు వెంట అది మద్రాసుకూ వచ్చింది. దాని మీద పరిశోధన చేద్దామని ప్రొఫెసర్ నరసింహం గారి దగ్గర చేరాను. ఆయన వంటింట్లో చిల్లర పనులు చేశాను.

పరిశోధన గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. దారి చూపే ఆచార్యుణ్ణి గైడ్ అంటారు. గైడ్ సంతకం లేనిదే డాక్టరేటు రాదు. అందుకని రేషన్ క్యూలో నిలబడేదీ, పప్పు రుబ్బించుకొచ్చేదీ విద్యార్థే. ఇది ఎక్కడా రాసిలేదు, అందరికీ తెలుసు.

3. నా మెత్త కుర్చీ నరసింహం గారి భార్య లలితాంబ గారికి చేర్చాలి. ఆ వంటింట్లో ఆమె కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. చిక్కుళ్ళు ఒలుస్తూ నేను చెప్పిన ఆ స్పెయిన్ కథలన్నీ విన్న మనిషి ఆమె ఒక్కతే. విని, "పాపం, ఎవరన్నా ఒక ముద్ద పెట్టుంటే వాడు దొంగతనం చేసుంటాడా నాయనా?" అనింది. ఆమె భర్త నా పరిశోధన వ్యాసం ఒక్క పేజీ చదవలేదు.

4. నా నల్ల పెన్ను డాక్టర్ కృష్ణస్వామికి తిరిగి ఇవ్వాలి. అతను నాతోపాటే నరసింహం గారి దగ్గర చేరాడు. అంత ప్రాణస్నేహితుడు నాకు మళ్ళీ దొరకలేదు. ఒకరు గ్యాస్ సిలిండర్ మోస్తే ఒకరు బియ్యం సంచి మోసేవాళ్ళం. ఒకరోజు డాబా మీద నా భుజం పట్టుకుని ఏడ్చి, "మనం గైడయినాక ఎవురిచేతా ఇంటిపని చేయించొద్దురా, సరేనా?" అన్నాడు. ఆ మాటకు గుర్తుగా అతను నాకు కొనిచ్చిన పెన్ను ఇది.

తర్వాత టి. నగర్‌లో నరసింహం గారి గృహప్రవేశం జరిగింది. మొదటి బంతి లేవగానే ఆయన నాతో, "ఏంరా ధర్మలింగం, చూస్తా నిలబడుండావే? ఆ ఎంగిలాకులెత్తు. ఇంకో బంతి కూర్చోవద్దా?" అన్నారు. నేను ఎత్తలేదు. మాది గొప్ప వంశమని కాదు. చేరిన నాటి నుంచీ వంగీ వంగీ ఆ రోజు నడుము మొరాయించింది. కృష్ణస్వామి తన వరసా ఎత్తాడు, నా వరసా ఎత్తాడు. ఆ ఏడే అతనికి డాక్టరేటు వచ్చింది. నా వ్యాసానికి మాత్రం, "ఇంకొంచెం లోతు కావాలప్పా" అన్న జవాబే వచ్చేది. చివరికి గడువు దాటి నా రిజిస్ట్రేషన్ రద్దయింది. జార్జి టౌన్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. వంగనందుకు నేను జీవితమంతా గర్వపడ్డానని సంతాపసభలో ఎవరైనా అంటే నమ్మకండి. కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

కృష్ణస్వామి ఇప్పుడు గైడ్. ఆ పెన్నుతో తన విద్యార్థిని ధన్య వ్యాసం మీద సంతకం పెడితే సంతోషం. అంతకంటే అతనికి ఏమీ లేదు.

5. నా స్పానిష్ నిఘంటువులు, పుస్తకాలు, సంతకం పడని నా వ్యాసం ధన్యకు చెందాలి. ధన్య గూడూరు పిల్ల. కృష్ణస్వామి దగ్గర ఈ నవలల మీదే పరిశోధన చేస్తోంది, అతని ఇంటి మేడమీద గదిలోనే ఉంటోంది. నిఘంటువు కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో అతని కూతురి డ్రైక్లీనింగ్ చీరలున్నాయి. ఇవెందుకమ్మా నీకు అంటే, "పరవాలేదు సార్, రూము ఊరికే ఇచ్చుండారు గదా, మనమే అడ్జస్ట్ చేసుకోవాల" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నా వ్యాసంలో కొత్త మాట ఒక్కటే ఉంది. ఈ నవలలు యజమానుల్ని ఎండగట్టాయని అందరూ మెచ్చుకుంటారు. కానీ పికరో యజమానులే ఉండకూడదని ఎన్నడూ కోరడు. తనకూ ఒక చిన్న ఉద్యోగం, నలుగురిలో ఒక పేరు దొరికితే చాలనుకుంటాడు. దొరికాక లోకం బాగానే ఉందంటాడు. నేను దాన్ని పుస్తకాల్లో కనుక్కున్నాను, కృష్ణస్వామి చేసి చూపించాడు.

6. నా స్వార్జితమైన మాధవరం ఇల్లు, దొడ్డితో సహా, ధన్యకు చెందాలి. ముందు గది ఇప్పటికే ఖాళీ చేసి పెట్టాను. రమ్మంటే ఆమెకు భయం. గైడ్‌కు కోపం వస్తుందని ఒకటి, ఒంటరి ముసలివాడి ఇంట్లో చేరితే లోకం ఏమంటుందోనని ఒకటి. నేను పోయాక ఇల్లే తనదైతే ఆ రెండు భయాలూ ఉండవు. ఆమెకు కావలసిన సంతకం నా చేతిలో లేదు. తలదాచుకునే చోటైనా కృష్ణస్వామి చేతిలోంచి తప్పిస్తాను. చదువు సగంలో ఆపి గూడూరు బస్సెక్కవద్దని, ఎవరి చీరలూ మోయవద్దని ఆమెకు నా మనవి.

దీనికి ఒక షరతు ఉంది. రేపు ధన్య కూడా గైడ్ అవుతుంది. ఆ రోజుల్లో తన విద్యార్థి చేత కరెంటు బిల్లు కట్టించినా, తన పిల్లల్ని బడి నుంచి తీసుకురమ్మన్నా, ఆ క్షణం నుంచి ఈ ఇల్లు ఆ విద్యార్థికి చెందుతుంది. ఇలాంటి షరతు కోర్టులో నిలుస్తుందా అని రంగసామి గారు తల గోక్కున్నారు. నిలవకపోయినా ఈ కాగితం చూసినప్పుడల్లా ఆమెకు గుచ్చుకుంటే చాలు.

ధన్యను అనుమానించి రాసిన షరతు కాదు ఇది. అంత మంచి మనసున్న పిల్లను నేను ఈ మధ్య చూడలేదు. ఆ డాబా మీద కృష్ణస్వామి మనసూ అంత మంచిదే.

చెన్నై, 2025 ఫిబ్రవరి 9.

(సంతకం) నా. ధర్మలింగం

ధర్మలింగం గారు మా కళ్ళెదుట సంతకం చేశారు, ఆయన చూస్తుండగా మేమూ చేశాం. ఈ ఆస్తిలో మాకు ఏమీ రాదు.

సాక్షులు:
చెంగల్రాయుడు, పాల బూత్, మాధవరం
తంగరాజ్, రిటైర్డ్ బస్ కండక్టర్, మాధవరం