అర్దళం పూయని ముఖం

అవ్వకు,

నీ కూతురు కావ్య దండాలు. బాపు, నేను, మొన్న పుట్టిన దూడతో సహా అందరం బాగున్నాం. మస్కట్‌లో నువ్వు కూడా వేళకు తిని బాగుండాలి. ఫోన్‌లో మాట్లాడితే నువ్వు పనిచేసే ఇంటి మేడం పక్కనే నిలబడుతుంది కదా, అందుకే సెలవు అయిపోయి అక్కడికి తిరిగి వస్తున్న సాయవ్వ చిన్నమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. పసుపు ఉడకబెట్టి ఆరబోశాం. బాపు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. "రంగులు పూసుకొని ఎగురుడు బంద్ చేసినవా?" అని రాశావు. చేయలేదు. చేయను కూడా.

పోయిన ఆదివారం నిజామాబాద్‌లో మా బృందం కొత్త నాటకం వేసింది. పరాయి దేశంలో ఇంటిపనికి పోయిన ఆడమనిషి కథ. హాలు బయట మా బృందంలోని సౌందర్య గీసిన బొమ్మలు పెట్టాం. అన్నీ బొగ్గుతో గీసిన నల్లని ఆడవాళ్ల ముఖాలే. బీడీలు చుట్టే అక్క ఒకామె చాలాసేపు చూసి, "పెండ్లి ఫోటోలల్ల తెల్లగ చేసిన మొఖాలే సూసినం. మా అసొంటోళ్లను గోడకు ఎవలు పెట్టిండ్రు?" అంది.

మాకు రంగులు దిద్దే ఆత్మారాం తాత చిన్నప్పటి నుంచి భాగోతాల్లో ఉన్నాడు. అక్కడ రాణికి, దేవతకు ముఖమంతా అర్దళం అనే పచ్చరంగు పొడి పూస్తారు, నలుపు రాక్షసికే. అలవాటు కొద్దీ నాకూ అర్దళం పూయబోయాడు.

"వద్దు తాతా. నేను కట్టే ఏషం నల్లటామెది," అన్నాను.

"అయితే ఏందే? కథల పెద్దామె పచ్చగ మెరవాలె. లేకుంటే జనం రాక్షసి అనుకుంటరు."

"అనుకోనీ. కథ అయ్యేదాంక సూస్తరు గద."

తాత అలిగి, చెయ్యి కడుక్కొని మూలకు కూర్చున్నాడు. నేను ఉన్న ముఖంతోనే ఆడాను.

ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాశాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆ నల్లటామె నువ్వే. మేడం ఇంటికి చుట్టాలొస్తే నీ ముఖం కనబడొద్దని వంటింటి తలుపు వేయడం, నీకు వేరే గ్లాసు పెట్టడం, పేరు పెట్టి కాకుండా నల్లదానా అని పిలవడం, అన్నీ నాటకంలో పెట్టాను. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నీకు కోపం వస్తుందని భయంగానే ఉంది. కానీ సిగ్గుపడాల్సింది నువ్వు కాదవ్వా. మన ఇంట్లో నానమ్మ నల్లగా ఉన్నావని నిన్ను కర్రెది అని పిలిచిన సంగతి కూడా దాచలేదు. పరాయివాళ్లను మాత్రమే అంటే న్యాయం కాదు కదా.

బాపుకు ముందుగా చెప్పలేదు. నాటకం అయ్యాక ఎవరో "గిది ఎవల కథ?" అని అడిగారు. బాపు మోకాలు పట్టుకొని లేచి, "మా ఇంటామెది. రేణుకమ్మ. మా అవ్వ కర్రెది అన్నప్పుడు నేను ఒక్కనాడు అడ్డం మాట్లాడలే," అన్నాడు.

వచ్చే నెల బోధన్‌లో ఆడుతున్నాం. మన ఊరంతా వస్తుంది. నీ పేరు చెప్పొద్దంటే బాపును కూడా బతిమాలి ఆపుతాను. నాటకం మాత్రం ఆపను.

మేడం నల్లదానా అన్నప్పుడు నువ్వు మాట్లాడకుండా నిలబడ్డానన్నావు. అందుకే నాటకంలో నేనూ అట్లాగే నిలబడుతున్నాను. కానీ నోటిదాకా వచ్చి నువ్వు మింగిన మాట ఒకటి ఉండే ఉంటుంది. అది రాసి పంపు. బోధన్‌లో గొంతెత్తి అంటాను.

ఇట్లు,
నీ రంగున పుట్టిన బిడ్డ,
కావ్య